ముద్ర నుంచి బిరుదు దాకా: తెలుగు సినిమాలో 'రౌడీ' పదం

ఉపసంస్కృతికీ నేరానికీ మధ్యగల సంబంధాన్ని చర్చించేటప్పుడు తెలుగు సినిమా విమర్శ తరచుగా ఒకే ప్రశ్న వద్ద ఆగిపోతుంది: సినిమా యువకులను చెడగొడుతున్నదా, లేదా? ఈ ప్రశ్నలో నేరస్థుడెవరో ముందే నిర్ణయమై ఉంటుంది. అతన్ని ఎవరు, ఏ పేరుతో నేరస్థుడిగా గుర్తిస్తున్నారన్నది చర్చకు రాదు. 'రౌడీ' అనే పదం ఫిలింనగర్‌లో పొందిన అర్థపరిణామాన్ని పరిశీలిస్తే ఈ లోపం స్పష్టమవుతుంది.

'రౌడీ' ఆంగ్లం నుంచి వచ్చిన ఆదానపదం. తెలుగునాట దీనికి వాడుక అర్థంతోపాటు పాలనాపరమైన అర్థం కూడా స్థిరపడింది. పోలీసుస్టేషన్‌లో ఒక వ్యక్తి పేర 'రౌడీషీట్' తెరిస్తే అతనిపై నిఘా మొదలవుతుంది. ఈ పద్ధతి పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా నడుస్తున్నందున దీని చట్టబద్ధత న్యాయస్థానాల్లో పలుమార్లు ప్రశ్నకు గురైంది. నేరం రుజువు కావడం వేరు, రౌడీగా నమోదు కావడం వేరు. విచలనం చర్యలో ఉండే గుణం కాదనీ, ఇతరులు నియమాలను అన్వయించి వేసే ముద్ర ఫలితమనీ హోవార్డ్ బెకర్ 1963లో 'అవుట్‌సైడర్స్' గ్రంథంలో ప్రతిపాదించాడు. రౌడీషీట్ ఆ ముద్రకు లిఖితరూపం. వివేక్ ధారేశ్వర్, ఆర్. శ్రీవత్సన్ 1996లో 'సబాల్టర్న్ స్టడీస్' తొమ్మిదవ సంపుటంలో రౌడీషీటర్ల గురించి రాసిన వ్యాసం ఈ పదాన్ని రాజకీయ, పౌరసత్వ చర్చలోకి తెచ్చింది.

ఇదే పదం 1989–1992 మధ్య అగ్రనటుల చిత్రాలకు శీర్షిక అయింది. 'స్టేట్ రౌడీ' (1989), 'రౌడీ అల్లుడు' (1991), 'అసెంబ్లీ రౌడీ' (1991), 'రౌడీగారి పెళ్ళాం' (1991), 'రౌడీ ఇన్‌స్పెక్టర్' (1992) ఇందుకు ఉదాహరణలు. వీటి సమాసనిర్మాణం గమనార్హం. అల్లుడు, పెళ్ళాం కుటుంబానికి చెందిన పదాలు. అసెంబ్లీ, ఇన్‌స్పెక్టర్ రాజ్యవ్యవస్థకు చెందినవి. గౌరవనీయమైన ప్రతి స్థానం పక్కనా 'రౌడీ' వచ్చి నిలిచింది. 'రౌడీ ఇన్‌స్పెక్టర్'లోనైతే ఇతరులపై ఆ ముద్ర వేసే అధికారి తానే దాన్ని బిరుదుగా ధరించాడు. 'రౌడీ అల్లుడు'లో సంపన్నుడైన కళ్యాణ్‌ను, ఆటో జానీని ఒకే నటుడు పోషించాడు. ముఖం ఒకటే అయినప్పుడు పెద్దమనిషికీ రౌడీకీ తేడా వేషభాషలకు పరిమితమవుతుంది. ముద్ర ఎంత కృత్రిమమో ఈ ద్విపాత్రాభినయం బయటపెట్టింది. అయితే ఆ ముద్రను వేసే వ్యవస్థను ప్రశ్నించకుండానే దాన్ని వినోదంగా మార్చింది.

రాంగోపాల్‌వర్మ 'శివ' (1989) ఇందుకు భిన్నమైనది. శీర్షికలో రౌడీ లేడు, కథ నిండా రౌడీయిజమే. కళాశాల విద్యార్థి ముఠా, దాని వెనుక భవాని, అతని వెనుక రాజకీయ నాయకుడు. ఈ అంచెలను చిత్రం వరుసగా చూపిస్తుంది. సైకిల్ చైన్ లాగిన నాయకుడి హింసకు కూడా మూల్యం ఉంటుంది: స్నేహితుడిని, అన్న కూతురిని కోల్పోతాడు. రౌడీయిజం ఇక్కడ వ్యక్తి స్వభావం కాదు, రాజకీయం పోషించే వృత్తి. తరువాతి అనుకరణలు చైన్‌ను తీసుకున్నంత సులభంగా ఈ అవగాహనను తీసుకోలేదు.

ఉపసంస్కృతి శైలిని విపణి సరుకుగా మార్చి తనలో కలుపుకొంటుందని డిక్ హెబ్డిజ్ 1979లో వివరించాడు. అతడు పరిశీలించిన బ్రిటన్‌లో శైలిని సృష్టించినవారు యువకులే. తెలుగు సందర్భంలో విపణి స్వీకరించింది యువకుల శైలిని మాత్రమే కాదు, వారిపై పోలీసు వ్యవస్థ వేసిన ముద్రను కూడా. విజయ్ దేవరకొండ అభిమానులను 'రౌడీలు' అని ఆప్యాయంగా సంబోధించడం, 2018లో తన దుస్తుల వ్యాపారానికి ఆ పేరే పెట్టడం ఈ పరిణామంలో తాజా దశ. అభిమానిలో భక్తితోపాటు ధిక్కారమూ ఉంటుందని ఎస్.వి. శ్రీనివాస్ చూపించాడు. ఆ ధిక్కారానికి ఇప్పుడు ధర కూడా నిర్ణయమైంది.

అయినా ముద్ర చెరిగిపోలేదు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండల దిగువన ఉన్న కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల నివాసంగా పేరుపొందింది. తెరపై నాయకుడి చేతిలో దెబ్బలు తినే రౌడీమూకలో కనిపించేది వారివంటి వేషధారులే. 'రౌడీ' నాయకుడికి బిరుదైన చిత్రంలోనే వారికి అది పేరులేని పాత్ర. తెర వెలుపల రౌడీషీట్ ఇంకా అమలులోనే ఉంది. పదానికి గౌరవం దక్కినంత మాత్రాన ఆ పదం మోస్తున్నవారికి గౌరవం దక్కలేదు.

కనుక సినిమా నేరాన్ని నేర్పుతున్నదా అన్న ప్రశ్నతో విమర్శ తృప్తిపడరాదు. ఒకే పదం ఎవరికి ఆభరణమవుతున్నదో, ఎవరికి నిఘాపత్రమవుతున్నదో ప్రతి చిత్రంలోనూ విడివిడిగా గుర్తించాలి. అలా చదివినప్పుడే నేరం, ఉపసంస్కృతి అనే మాటల వెనుక ఉన్న వర్గభేదం సాహిత్య, సినిమా అధ్యయనాలకు విషయమవుతుంది.