ప్యానెల్ గది విద్య

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం చుట్టూ విస్తరించిన బల్క్ డ్రగ్ కర్మాగారాలలో, అంటే మాత్రకూ ఇంజెక్షన్‌కూ మూలమైన మందు పదార్థాన్ని తయారు చేసే కర్మాగారాలలో, ఒక్కొక్క రసాయన చర్య ముగియడానికి గంటల తరబడి కాలం పడుతుంది కనుక, ఒక రియాక్టరు ముందు ఒక మనిషి అనే లెక్క అక్కడ కుదరదు. ఒకదానిలో ద్రావణి మరుగుతుండగా మరొకదానిలో స్ఫటికాలు దిగుతుంటాయి, మూడవది కడగడానికి సిద్ధంగా ఉంటుంది. నియంత్రణ పరికరాలుండే ప్యానెల్ గదిలోని ఆపరేటరు, షిఫ్టు కెమిస్టు కలిసి వీటన్నిటినీ ఏకకాలంలో కనిపెట్టుకొని ఉండాలి. బాలానగర్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన రసాయన నిపుణులు ఈ పరిశ్రమకు పునాది వేశారు; వారిలో ఒకరైన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌ను స్థాపించారు. అప్పటి నుంచి మూడు షిఫ్టులుగా సాగుతున్న ఈ బహుళ పర్యవేక్షణకు నియమాలున్నాయి, వాటి వెనుక చేదు అనుభవాలూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇటీవల పుట్టుకొచ్చిన ఒక కొత్త పనికి ఈ నియమాలు దాదాపు యథాతథంగా వర్తిస్తాయి.

ఆ కొత్త పని కృత్రిమ మేధ కోడింగ్ సహాయకుల నిర్వహణ. క్లాడ్ కోడ్, కోడెక్స్ వంటి సాధనాలు 2025లో వెలువడిన తరువాత, ప్రోగ్రామరు ఒక పనిని మాటల్లో చెప్పి అప్పగిస్తే, సహాయకుడే ఫైళ్లు చదివి, కోడ్ మార్చి, పరీక్షలు నడిపి ఫలితం చూపే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇలా అప్పగించిన ఒక పని, దాని సంభాషణ, దాని స్థితి కలిపితే ఒక సెషన్ అవుతుంది. ఒక సెషన్ నడుస్తుండగా ఊరికే కూర్చోవడం ఎందుకని రెండవది, మూడవది మొదలుపెట్టి వాటిని నేపథ్యంలో, అంటే తెర మీద కనిపించకుండా, నడవనివ్వడం సహజమైన తరువాతి మెట్టు. కోడ్ రాసే మనిషి ఆ మెట్టు ఎక్కగానే కోడ్‌ను కనిపెట్టుకొని ఉండే మనిషిగా మారతాడు. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ 2019లోనే కృత్రిమ మేధలో బీటెక్ ప్రారంభించింది. అక్కడి నుంచి పటాన్‌చెరు వైపు అదే రహదారిలో వస్తే, ఈ కనిపెట్టుకొని ఉండే విద్యను దశాబ్దాలుగా సాధన చేస్తున్నవారు తారసపడతారు.

వారి మొదటి నియమం వేరుచేయడం. ఒక బ్యాచ్ ముగిసి మరొకటి మొదలయ్యే ముందు పాత పదార్థం, పాత లేబుల్, పాత కాగితం ఏదీ మిగల్లేదని చూసి సంతకం చేయడాన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. ఒక మందు జాడ మరొక మందులో కలిస్తే అది రోగి శరీరంలోకి వెళుతుంది. రెండు సెషన్లు ఒకే ఫోల్డరులో పనిచేస్తే జరిగేది కూడా ఇటువంటి కల్తీయే: ఒకటి సరిచేసిన ఫైలును మరొకటి తెలియక చెరుపుతుంది, పరీక్ష విఫలమైతే తప్పు ఎవరిదో తేలదు. గిట్ అనే కోడ్ చరిత్ర నిర్వహణ సాధనంలో 2015 నుంచి ఉన్న వర్క్‌ట్రీ సౌకర్యం, ఒకే ప్రాజెక్టుకు అనేక వేర్వేరు పని ఫోల్డర్లను ఇచ్చి, ఒక్కొక్క సెషన్‌కు వేరే రియాక్టరు ఇచ్చినట్టు చేస్తుంది. ఇది చిన్న ఏర్పాటే అయినా దీన్ని విడిచిపెట్టి మిగతావన్నీ పాటించినా ఫలితం ఉండదు.

రెండవ నియమం వెంటనే రాసిపెట్టడం. ఇక్కడ తెలుగువారికి అష్టావధానం గుర్తుకు రావడం సహజం. ఎనిమిది మంది పృచ్ఛకులకు పద్యపాదాలను విడతలు విడతలుగా చెబుతూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగాన్ని తట్టుకొని, చివరికి పద్యాలన్నిటినీ ధారణ చేసే అవధాని, బహుళ కార్యాలను మోయగల మనస్సుకు మన సంస్కృతి ఇచ్చిన అత్యున్నత రూపం. అయితే ప్యానెల్ గది ఈ ఆదర్శాన్ని గౌరవిస్తూనే దానికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. అవధానంలో ధారణ ప్రతిభకు గీటురాయి అయితే, మందుల తయారీలో జ్ఞాపకం మీద ఆధారపడడం దోషం. ఉష్ణోగ్రత చూసిన క్షణంలోనే బ్యాచ్ రికార్డులో, అంటే ఆ బ్యాచ్ పుట్టుపూర్వోత్తరాలన్నీ నమోదయ్యే పత్రంలో, రాయాలి. షిఫ్టు చివర గుర్తు తెచ్చుకొని నింపిన అంకె సరైనదే అయినా చెల్లదు. ఎందుకంటే ఆ పత్రం రాసినవారి కోసం ఉద్దేశించినది కాదు, తరువాతి షిఫ్టులో పని అందుకొనే రిలీవర్ కోసం ఉద్దేశించినది.

ఈ నియమం విలువ 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద తెలిసివచ్చింది. మరమ్మతు కోసం ఒక పంపుకు చెందిన రక్షక కవాటాన్ని విప్పారన్న సమాచారం రాత్రి షిఫ్టుకు అందలేదు, వారు ఆ పంపును నడిపారు, ఆ తరువాతి పేలుళ్లలో, మంటల్లో 167 మంది మరణించారు. కోడ్ సెషన్లలో ప్రాణాలు సాధారణంగా పణంగా ఉండవు గానీ లోపం స్వరూపం అదే: గంట తరువాత నాలుగవ సెషన్‌కు తిరిగి వచ్చిన మనిషి తనకు తానే రిలీవర్. అందుకే ప్రతి సెషన్‌కూ ఒక ఫైలు ఉండి, అందులో అప్పగించిన పని, తాకకూడని భాగాలు, ఇప్పటికి తేలినది, తేలవలసినది సహాయకుడి చేతనే రాయించడం అవసరం. సెషన్ పేరు కూడా రియాక్టరు మీది లేబుల్ లాగా పనిని చెప్పాలి. అంకెలతో పిలిచే సెషన్లు రెండు రోజుల్లో గుర్తు తెలియనివి అవుతాయి.

మూడవది హెచ్చరికల సంగతి. 1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందు 11 నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. ఏది ముఖ్యమో ఏది కాదో తెలుసుకొనే వీలు వారికి లేకపోయింది. 1999లో వెలువడిన ఈఈఎంయూఏ 191 అనే మార్గదర్శకం, నిలకడగా నడిచే ప్లాంటులో ఒక ఆపరేటరుకు సగటున 10 నిమిషాలకు ఒక అలారం మించకపోతే మంచిదని సూచించింది. నేపథ్యంలో నడిచే సహాయకులు ఫైలు మార్చమంటారా, ఈ ఆదేశం నడపమంటారా అని అడుగుతూనే ఉంటారు. ఆరు సెషన్ల నుంచి ఇటువంటి ప్రశ్నలు వరుసగా వస్తే, ఏడవ ప్రశ్నకు వేలు దానంతట అదే సమ్మతి మీదికి పోతుంది. హాని లేని పనులకు, చదవడానికీ పరీక్షలు నడపడానికీ, ముందే అనుమతి ఇచ్చి, తొలగింపు, డేటాబేసు మార్పు, బయటి సర్వర్‌కు పంపడం వంటి వాటికి మాత్రమే మనిషిని పిలిచేలా అమర్చడం ఇక్కడి మందు. అన్నిటికీ అడగడం జాగ్రత్తగా కనిపిస్తుంది, కానీ అది జాగ్రత్తను అరగదీస్తుంది.

మరి ఎన్ని సెషన్లు? ఈ ప్రశ్నకు ప్లాంటు ఇచ్చే జవాబు, ఎన్ని రియాక్టర్లు ఉన్నాయన్నది కాదు, ఎన్ని శాంపిళ్లను చూడగలరన్నది. చర్య నడుమ నమూనా తీసి క్యూసీ, అంటే నాణ్యతా నియంత్రణ, ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చేవరకు తరువాతి దశకు పోకుండా ఆపి ఉంచడాన్ని హోల్డ్ అంటారు; శాంపిళ్లు పేరుకుపోతే రియాక్టర్లు ఎన్ని ఉన్నా అవి నిలిచే ఉంటాయి. సహాయకుడు నిమిషాల్లో రాసిన కోడ్‌ను మనిషి శ్రద్ధగా చదవడానికి అంతకు మించిన కాలం పడుతుంది, కనుక చదవడానికి పట్టే కాలమే సెషన్ల సంఖ్యను నిర్ణయిస్తుంది. బ్యాచ్ రికార్డులో చేసినవారి సంతకం పక్కన సరిచూసినవారి సంతకానికి వేరే గడి ఉంటుంది. తాను రాసిన కోడ్‌కు తానే పరీక్షలు రాసి, అన్నీ నెగ్గాయని చెప్పే సెషన్ ఆ రెండు గడులనూ ఒకే చేతితో నింపుతున్నట్టే. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, యంత్రం రోజువారీ పనిని తీసుకున్నకొద్దీ మనిషికి అతి కఠినమైన సందర్భాలే మిగులుతాయనీ, వాటికి కావలసిన నైపుణ్యం సాధన లేక తగ్గిపోతుందనీ వివరించారు. పర్యవేక్షించే ప్రోగ్రామరు వారంలో కొన్ని గంటలైనా స్వయంగా కోడ్ రాయాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

షిఫ్టు ముగిసే వేళ ప్యానెల్ గదిలో ప్రతి రియాక్టరు గురించీ ఒక మాట చెప్పుకొంటారు: నడుస్తోందా, హోల్డ్‌లో ఉందా, ఖాళీయా. సెషన్లకు కూడా ఈ మూడు స్థితులే చాలు; సాయంత్రం కంప్యూటరు మూసే ముందు వరుసగా చూసి, పూర్తయినదాన్ని ప్రధాన కోడ్‌లో కలిపి, ఆగవలసినదాన్ని తెలిసిన చోట ఆపి, దారి తప్పినదాన్ని ఫోల్డరుతో సహా తీసివేయాలి. దారి తప్పినదాని మీద అప్పటికే గంటలు గడిచాయన్న మమకారంతో దాన్ని మరునాటికి ఉంచకూడదు. నాణ్యతా పరీక్ష దాటని బ్యాచ్‌ను పక్కన పెట్టేటప్పుడు, అందులో ఎంత ద్రావణి పోశారన్నది ఏ కెమిస్టూ లెక్కలోకి తీసుకోడు.