నిప్పున్న చోటల్లా పొగ ఉండదు

నిప్పు లేనిదే పొగ రాదన్న నానుడి నిజమే గాని, దానిని తిరగేసి నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే అది నిజం కాదు; అయినా వాదాల్లో ఈ రెండూ ఒకటేనన్నట్టు చలామణీ అవుతుంటాయి. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని ఊహించేటప్పుడు పొగను ‘హేతువు’ అనీ, తేల్చవలసిన నిప్పును ‘సాధ్యం’ అనీ, హేతువున్న ప్రతిచోటా సాధ్యం ఉండి తీరుతుందన్న నియమాన్ని ‘వ్యాప్తి’ అనీ న్యాయదర్శనం పేర్కొంటుంది.

17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, తర్కంలో తొలి అడుగు వేసేవారి కోసం రచించిన ‘తర్కసంగ్రహం’లో హేత్వాభాసాలను, అంటే హేతువుల్లా కనిపించే దొంగ హేతువులను వివరిస్తూ, నిప్పు ఉంది కనుక కొండ మీద పొగ ఉండాలన్న తిరగేసిన వాదాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండు ఒక్కటి చాలు, ఆ వాదం కూలిపోవడానికి. అందులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవ్వాలి. వాదించేవాడు చెప్పకుండా దాటవేసిన ఆ షరతుకే ‘ఉపాధి’ అని పేరు.

ఇదే పొరపాటు వానాకాలపు జ్వరాల వేళ ఇంటింటా ఎదురవుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోవడం సాధారణమే గనుక, రక్తపరీక్ష కాగితంలో ఆ సంఖ్య తగ్గి కనిపించగానే ఇది డెంగీయేనని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. కాని మలేరియాలోనూ, మరికొన్ని వైరల్ జ్వరాల్లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఇక్కడ ఇనుప గుండు మలేరియాయే.

ఈ దోషం సులభంగా పట్టుబడకపోవడానికి కారణం, అందులో పైకి అబద్ధమేదీ లేకపోవడమే. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయన్నది నిజం, ఈ రోగికి తగ్గాయన్నదీ నిజం. ఆ రెండు నిజాల చాటున, ప్లేట్‌లెట్లు తగ్గితే అది డెంగీయేనన్న మూడో మాట రుజువు లేకుండానే లోపలికి వచ్చేస్తుంది. కనుక వాదాన్ని తూచేవారు, చెప్పిన మాటలో అబద్ధం కోసం వెతకడం కంటే, ఆ మాటను ఒప్పుకొని, హేతువు ఉండీ సాధ్యం లేని చోటు ఒక్కటైనా ఉందేమో చూడడం మేలు.

అయితే వాదం కూలినంత మాత్రాన నిర్ణయం అబద్ధమైపోదు. ఇనుప గుండును చూపినవాడు కొండ మీద పొగ లేదని రుజువు చేయలేదు. ఆ రోగికి డెంగీ లేదనీ ఎవరూ తేల్చలేదు. అది తేలాలంటే ఎన్‌ఎస్‌1 వంటి పరీక్ష చేయించవలసిందే.