చూస్తానంటే అర మనిషి

నా దగ్గర నల్ల అట్ట నోటుబుక్కు ఒకటుంది. నెలకో పేజీ. పైన హోటలు పేరు, కింద మనుషుల పేర్లు, పేర్ల పక్కన ఒకటి, అర, పావు అని అంకెలు. ఎవరైనా చూస్తే పాలవాడి లెక్క అనుకుంటారు. అవి మనుషుల లెక్కలు. "వస్తాను" అన్నవాళ్లు ఒకటి. "చూస్తానండీ" అన్నవాళ్లు అర. "అయ్యో, రాకుండా ఎలా ఉంటాం, తప్పకుండా వస్తాం" అన్నవాళ్లు పావు. మొత్తం కూడి హోటలుకి ఆ అంకె చెబుతాను. ఇన్నేళ్లలో ఈ లెక్క ఇద్దరు ముగ్గురికి మించి తప్పింది బహు తక్కువ.

దుబాయ్‌లో కరామాలో మేముండే బిల్డింగులో 2011లో లిఫ్టు పదకొండు రోజులు చెడిపోయింది. మెట్ల మీద ఆయాసంతో ఆగిన చోట మొదలైన పలకరింపులు చివరికి ఒక శుక్రవారం భోజనానికి దారితీశాయి. ఎనిమిది మందిమి. నేనూ మా ఆయనా, మా ఎదురింటి కాకినాడ దంపతులూ, ఒక మలయాళీ నర్సు, మాల్‌లో పనిచేసే ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, ఒక ఈజిప్టు లెక్కల మాస్టారు. ఇప్పుడు ఫోన్ గ్రూపులో నలభై దాకా పేర్లున్నాయి, నెలకి ఇరవై మంది అటూ ఇటూగా వస్తారు. దీనికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, ముఖ్యంగా నిధి లేదు. ఇక్కడ సంఘం పెట్టాలంటే లైసెన్సుండాలి, లైసెన్సు లేకుండా చందాలు వసూలు చేస్తే చిక్కుల్లో పడతాం. అందుకని ఎవరు తిన్నది వాళ్లు కట్టుకుంటారు. క్లబ్బు అనే మాట కూడా మేం వాడం. "లంచ్" అంటే అందరికీ తెలుసు.

ఇళ్లలో ఎందుకు పెట్టుకోరు, ఖర్చు తగ్గుతుంది కదా అని చాలామంది అడిగారు. మొదట్లో రెండుసార్లు పెట్టాం. రెండుసార్లూ ఆ ఇంటావిడ మాతో కూర్చోలేదు. ఆవిడ చేసిన పులిహోర గురించి అందరం పొగిడాం, ఆవిడతో మాత్రం ఎవరమూ నాలుగు మాటలు మాట్లాడలేదు. అందరూ వెళ్లాక గిన్నెలు తోమింది కూడా ఆవిడే. హోటలంటే ఆ రెండు గంటలు ఎవరూ లేచి వంటింట్లోకి వెళ్లనక్కర్లేదు. నా మటుకు నాకు ఈ ఒక్క కారణం చాలు.

గ్రూపులో మెసేజ్ పెడితే బొటనవేళ్ల బొమ్మలొస్తాయి, మనుషులు రారు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలిసి ఉండాల్సిందే నిజానికి. మా అమ్మమ్మగారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లి శుభలేఖ అందితే ఆవిడ దాన్ని చూరులో దోపి ఊరుకునేది. గడపలోకొచ్చి బొట్టు పెట్టి "మీరు రావాలి" అంటే అప్పుడు పెట్టెలోంచి పట్టుచీర తీసేది. పిలుపంటే మనిషి నోట రావాలి. ఇక్కడ వాట్సాప్‌లో రాత నడుస్తుంది గానీ మాట నడవదు, ఆ కాల్స్ కలవవు. అందుకని భోజనానికి ముందు మంగళ, బుధవారాలు రాత్రి మామూలు ఫోన్‌లోనే ఒక్కొక్కరికీ చేస్తాను. మా ఆయన దీన్ని బొట్టుపెట్టె తిప్పడం అంటారు.

ఆ ఫోన్లలోనే అసలు కబుర్లన్నీ తెలుస్తాయి. ఒకరికి రెండు నెలలుగా జీతం పడలేదు, ఒకరికి ఊళ్లో నాన్నగారికి బాగాలేదు, ఒకరి పిల్లకి సీటొచ్చింది. "ఈ నెల కుదరదక్కా" అన్న మాటకి వెనకాల నలభై దిర్హాములు లేకపోవడం ఉందో, నిజంగా పనే ఉందో గొంతు చెప్పేస్తుంది. ఆ మాట పైకి అడక్కూడదు. దానికి మందు ముందే వేసి ఉంచాలి. అందుకే తలకి ఇంత అనే హద్దు మాలో అందరికంటే తక్కువ జీతమున్న మనిషిని బట్టి పెడతాను. మొదట్లో 25 దిర్హాములు, ఇప్పుడు 40. స్టార్ హోటల్లో బ్రంచ్‌కి వెళ్దామని ఒకాయన పట్టుబట్టాడు. తలకి రెండు వందలు దాటుతుంది. కుదరదన్నాను. ఆయన రావడం మానేశాడు. బాధపడలేదని అంటే అబద్ధం, కానీ మళ్లీ అడిగినా అదే చెబుతాను.

తేదీ గోల వేరే. ఏళ్ల తరబడి శుక్రవారమే సెలవు కాబట్టి మధ్యాహ్నం నమాజు అయ్యాక రెండింటికి కలిసేవాళ్లం. 2022 జనవరి 1 నుంచి ఈ దేశం వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చేసింది. శుక్రవారం ప్రభుత్వానికి ఒంటిపూట. సరే, శనివారం పెడదామంటే మా తెలుగువాళ్లలో సగం మందికి అది వెంకన్న వారం, ముక్క ముట్టరు. ఆదివారం అంటే చర్చి. గల్ఫులో చర్చిలు చాలాకాలంగా శుక్రవారమే పెద్ద ప్రార్థన పెట్టుకుంటూ వచ్చాయి, కొందరు శుక్రవారంలోనే ఉండిపోయారు, కొందరు ఆదివారానికి మారారు. గ్రూపులో నూటపాతిక మెసేజ్‌లు నడిచాయి. ఈలోగా ఆ ఏడాది మార్చిలో దుబాయ్‌లో ఉచిత పార్కింగు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. అంతటితో చర్చ ముగిసింది. ఏ ఆదివారం అన్నది మాత్రం నేనే తేల్చాను: రెండోది. మొదటి వారం జీతాలు పడతాయి, అందరూ డబ్బు పంపే కౌంటర్ల దగ్గర వరుసలో ఉంటారు. ఇంటికి పంపాల్సింది పంపేశాక జేబులో ఎంత మిగిలిందో మనిషికి తెలియాలి కదా.

రంజాన్ నెలలో భోజనం ఇఫ్తారైపోతుంది. ఆ నెల పెత్తనం ఈజిప్టు మాస్టారిది, నాకు సెలవు. ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి కొన్నేళ్లు చలిలో, కొన్నేళ్లు ఎండల్లో వస్తుంది. జూలై, ఆగస్టుల్లో బడి సెలవులకి భార్యాపిల్లలు ఊళ్లకెళ్తారు, జనం సగానికి పడిపోతారని అనుకుంటాం. పడిపోరు. ఒంటరిగా మిగిలిన మగవాళ్లు, మామూలుగా "చూస్తాను" అనేవాళ్లు సైతం, అన్నం కోసం ముందే వచ్చి కూర్చుంటారు. ఆ రెండు నెలలూ అరలన్నీ ఒకట్లుగా వేసుకోవాలి.

అలాంటి ఒక ఆగస్టులోనే నా పరువు పోయింది. ఫోన్‌లో బల్లలు చెప్పుకున్నాను, వాళ్లు సరేనన్నారు. తీరా వెళ్తే మా బల్లల దగ్గర ఎవరిదో పుట్టినరోజు కేకు. పద్దెనిమిది మందిమి గాలి కూడా వేడిగా కొట్టే కాలిబాట మీద నలభై నిమిషాలు నిలబడ్డాం. మాలో ఒకావిడ ఏడోనెల గర్భిణి. ఆ రోజు నుంచి ఎంత తెలిసిన హోటలైనా ముందుగా ఒకసారి నేనే వెళ్లి టీ తాగొస్తాను. మెనూ చివర చూస్తాను. మెట్లెన్ని, బాత్రూములో నీళ్లొస్తున్నాయా, మెట్రో నుంచి నడక ఎంత, ఏసీ ఏ మూల పనిచేయడం లేదు, ఇవి ముందు. పేరు రాసుకున్న మనిషి ఎవరో మొహం చూసుకుంటాను, నా మొహం ఆయనకి చూపిస్తాను. ఇది కూడా బొట్టు పెట్టడమే.

ఇక కూర్చోబెట్టడం. పెళ్లి బంతిలో అందరం ఒకవైపే మొహం పెట్టి కూర్చుంటాం. పక్కవాడితో మాట్లాడకపోయినా తప్పులేదు. "ఇంకాస్త పప్పు, ఇంకొక్క బూరె" అంటూ వడ్డించేవాళ్లే మాటలన్నీ నడిపిస్తారు. హోటల్లో అలా కాదు. ఎదురుగా మనిషి మొహం ఉంటుంది, ఆ మనిషితో ఏదో ఒకటి మాట్లాడి తీరాలి. ఇరవై మందికి ఒకే పొడుగు బల్ల వేస్తే అటు చివరి మనిషి ఇటు చివరి మనిషిని రైల్వే ప్లాట్‌ఫాం మీద చూసినట్టు చూస్తాడు. నేను ఏడేసి మందికి మూడు బల్లలు వేయిస్తాను. ఒక బల్ల దగ్గర ఇద్దరికంటే తెలుగువాళ్లుంటే ముచ్చట్లు తెలుగులోకి జారిపోయి మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు కాబట్టి వాళ్లని విడదీస్తాను. నన్ను తిట్టుకుంటారు. తిన్నాక టీ గ్లాసు పట్టుకుని ఎవరికి వారు ఇంకో బల్లకి మారాలి. ఆ చివరి అరగంట కోసమే ముందు గంటన్నరా అనిపిస్తుంది నాకు.

ఒక్కసారి మాత్రం బల్లల గొడవే రాలేదు. మాతో వచ్చే ఇథియోపియా అమ్మాయి ఒకతె, బ్యూటీపార్లర్‌లో పని, తన దేశపు హోటలుకి రమ్మంది. డేరా అనే పేటలో చిన్న సందు. శుక్రవారాల రోజులవి. మా శాకాహారులు ముందే మొహాలు ముడుచుకున్నారు. వాళ్ల చర్చి ప్రకారం బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరనీ, ఆ రోజు ఉపవాసం పళ్లెం దొరుకుతుందనీ ఆ అమ్మాయి చెప్పేదాకా నాకూ తెలియదు. పెద్ద పళ్లెం నిండా ఇంజెరా, టెఫ్ అనే గింజల పిండిని పులియబెట్టి పోసిన అట్టు. దాని మీద కుప్పలు కుప్పలుగా ఎర్రటి పప్పు, శనగపిండి కూర, ఆకుకూర, క్యాబేజీ. పులిసిన వాసనకి కాకినాడ వదినగారు "మన దోసెల పిండేనే ఇది" అన్నారు.

చిక్కు రుచి దగ్గర రాలేదు. పళ్లెం నలుగురికి ఒకటి. అందరూ అందులోంచే చేత్తో తుంచుకోవాలి. మనకి ఎంగిలి పట్టింపు. పక్కవాడి విస్తట్లోకి చూడ్డమే మర్యాద కాదనుకునే జాతి మనది. వదినగారు తన వైపు ఒక గీత గీసుకున్నట్టు తింటున్నారు. అంతలో ఆ అమ్మాయి ఇంజెరా ముక్కలో పప్పు చుట్టి, నేరుగా ఆవిడ నోటి దగ్గర పెట్టింది. గుర్షా అంటారట, ఇష్టమైనవాళ్లకి తన చేత్తో తినిపించడం. కాదంటే తప్పు. వదినగారు ఒక క్షణం నా వైపు చూశారు. నోరు తెరిచారు. నమిలి మింగి, "మా అమ్మ పోయాక ఇదే నాకు గోరుముద్ద" అన్నారు, తెలుగులో. ఆ అమ్మాయికి అర్థమైందో లేదో, రెండోది చుట్టడం మొదలుపెట్టింది.

తరవాత యెమెన్ వాళ్ల మండీ హోటలుకి వెళ్లినప్పుడు నేల మీద కూర్చుని ఒకే పళ్లెంలో తినడానికి ఎవరూ తటపటాయించలేదు. మాలో హైదరాబాదు కుర్రాడొకడు "ఇది మా బార్కాస్‌ది" అని వాదన పెట్టుకున్నాడు. వాడిదీ తప్పు కాదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వారసులే బార్కాస్‌లో స్థిరపడ్డారు. వాళ్లూ ఒకప్పుడు మనలాగే పరాయి దేశానికి పనికోసం వచ్చినవాళ్లు.

బిల్లు గురించి ఒక్క మాట. ఎప్పుడూ తగ్గుతుంది. ఎవరికి వారు సరిగ్గానే ఇస్తారు, అయినా తగ్గుతుంది. సీసా నీళ్లు, పంచుకున్న జ్యూసు, రెండో టీ, 2018 నుంచి 5 శాతం పన్ను, ఇవి ఎవరి ఖాతాలోనూ ఉండవు. ఒకప్పుడు ఈజిప్టు మాస్టారు అందరిదీ తానే ఇస్తానని లేచేవాడు, కాకినాడాయన ఆయన చెయ్యి పట్టుకునేవాడు, చూసేవాళ్లకి కొట్లాట అనిపించేది. ఇప్పుడు కూర్చోగానే కవరు తిప్పుతాను, చిల్లర సహా. ఆకలి మీదున్నప్పుడు ఇచ్చినంత తేలిగ్గా కడుపు నిండాక ఎవరూ ఇవ్వరు.

మాకు ఉన్నది ఒకే నియమం. వెళ్లిపోయేవాళ్లు చివరి నెల హోటలు ఎంచుకోవాలి. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఊరు పోతుంది. కేకులు, ప్రసంగాలు లేవు, వాళ్లు చెప్పిన చోట తింటాం, అంతే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల హోటళ్లలో కూర్చుని తినడం ఆగిపోయింది. మే నెలలో మనవాళ్లని ఊరు చేర్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక మాలో ఏడుగురు ఒకరి తరవాత ఒకరు వెళ్లిపోయారు. ఎవరికీ చివరి భోజనం లేదు. నోటుబుక్కులో ఆ ఏడుగురి పేర్లూ ఒక పేజీలో రాసి ఉంచాను, పైన హోటలు పేరు ఖాళీ.

వచ్చే సంక్రాంతికి ఊరెళ్తున్నాను. ఏడుగురిలో కొందరు గోదావరి జిల్లాల్లోనే ఉన్నారు. మొన్న మంగళవారం రాత్రి ఫోన్లు చేశాను. రావులపాలెం అబ్బాయి, మా దగ్గర ఉన్నప్పుడు డ్రైవరు, "హోటలెందుకక్కా, ఇంటికొచ్చెయ్యండి, మా ఆవిడ చేపల పులుసు పెడుతుంది" అన్నాడు. ఫోన్ ఆ అమ్మాయికి ఇమ్మన్నాను. ఎప్పుడూ చూడలేదు ఆ పిల్లని. అడిగాను. రెండో ఆలోచన లేకుండా, గొంతు కొంచెం తగ్గించి, "హోటలే బాగుంటదక్కా" అంది. హోటలు కూడా తనే చెప్పింది. రెండు ఒకట్లు వేసుకున్నాను. రాజోలు ఆయనా ఆయన భార్యా ఇంకో రెండు. చివరగా మా పాత ఎదురింటి కాకినాడాయనకి చేశాను. వదినగారు వెనక నుంచి ఏదో అంటున్నారు, ఈయన మాత్రం ఎప్పటి గొంతుతోనే, "పండగ పనులమ్మా, చూస్తాను" అన్నారు.

అర.