బేకరీ వారబ్బాయి

మొన్న ఆదివారం మా మేనల్లుడు రంగుల పెట్టె అవతలికి నెట్టేసి, “మన వీధిలో గీయడానికి ఏముంది మామయ్యా? ఇటలీ పోతే బొమ్మలు వాటంతటవే వస్తాయి” అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గుమ్మం ముందున్నది గీయలేనివాడు గుట్టెక్కి మాత్రం ఏం గీస్తాడు? ఇది నా పాత పాటే.

వాణ్ణి కూర్చోబెట్టి డెన్మార్క్ చిత్రకారుడు క్రిస్టెన్ కోబ్కె కథ ఎత్తుకున్నాను. 1810లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. తండ్రిది అక్కడి కోటలో బేకరీ. పన్నెండేళ్లకే అక్కడి కళా అకాడమీలో చేరిన ఈ కుర్రాడు 1831లో ఏం గీశాడయ్యా అంటే, ఆ బేకరీ ధాన్యం అటక మీంచి కనిపించినంత మేర! తర్వాత ఇల్లు సోర్టెడామ్ సరస్సు దగ్గరికి మారితే ఆ సరస్సునే గీశాడు. 1838 నాటి ఆ బొమ్మలో చిన్న చెక్క రేవు, దాని మీద నీళ్లవైపు చూస్తూ ఇద్దరు ఆడవాళ్లు, ఒక పడవ, పొడవాటి కర్రకు ఎర్ర జెండా. అంతే. ఆ పడవ వస్తోందో పోతోందో ఎన్నిసార్లు చూసినా నాకు తేలదు.

ఆ ఏడే ఇటలీ వెళ్లాడు. 1840లో తిరిగొచ్చాక, అక్కడి స్కెచ్‌లు ముందేసుకుని ఏళ్ల తరబడి పెద్ద బొమ్మలు గీస్తూ కూర్చున్నాడు. 1846లో సభ్యత్వం కోసం ఇటలీలోని కాప్రి దీవి బొమ్మ ఇస్తే అకాడమీ కాదంది. 1848లో న్యుమోనియాతో పోయాడు, ముప్పై ఏడేళ్లకే. “చూశావా నీ ఇటలీ!” అన్నాను మీసం మెలేసినంత పని చేసి.

వాడు తక్కువ తిన్నాడా? “మరి ఉన్నదున్నట్టు చూడమని ఆయనకు నేర్పిందెవరు?” అన్నాడు.

ఎకర్స్‌బర్గ్. శిష్యుల్ని ఆరుబయటికి తోలి, కంటికి కనిపించిందే గీయమన్న గురువు. ఆయనకా చూపు కుదిరింది 1813 నుంచి 1816 దాకా ఉన్న రోమ్‌లో. కొలోసియం మూడో అంతస్తు కమానుల్లోంచి ఊరు ఎలా కనిపిస్తోందో గీశాడు. బేకరీ అటకకు తాత ఆ కమానులే. ఈ ముక్క చెప్పేసరికి నా గొంతు నాకే వినబడలేదు.

వాడి ఇటలీ టికెట్టులో సగం నేను పెట్టుకుంటానన్నాను. వెళ్లేలోగా మా మేడ మీది నీళ్ల ట్యాంకు గీసి ఇమ్మన్నాను. నిన్న సాయంత్రం మొదలెట్టాడు. ట్యాంకు వంకరగా వచ్చింది గానీ, దాని నీడ మాత్రం సరిగ్గా పడింది.