గిట్: తగవులో పుట్టిన పనిముట్టు

ప్రోగ్రామర్లు మొండి మనుషులు. ట్యాబ్ కొట్టాలా, స్పేస్ కొట్టాలా అన్న దగ్గర మొదలైన వాదం ఎడిటర్ల మీదుగా, భాషల మీదుగా సాగి చివరికి సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తు అన్న రాజకీయంలో తేలుతుంది. అలాంటి తగవుల్లో చాలావాటికి మిగిలేది మాటలే. 2005 ఏప్రిల్‌లో తెగిపోయిన ఒక తగవు మాత్రం ఒక పనిముట్టును మిగిల్చింది. మాదాపూర్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా తెలుగు ప్రోగ్రామర్ పొద్దున్నే కంప్యూటర్ తెరిచి ముందుగా కొట్టే ఆదేశం చాలాసార్లు దానిదే: గిట్ పుల్. వాడటం అందరికీ వచ్చు. లోపల దాన్ని ఎలా కట్టారో చూస్తే, అది తగవులాడుకునే మనుషుల కోసమే ఎంత శ్రద్ధగా కట్టినదో తెలుస్తుంది.

ముందు ఆ తగవు సంగతి. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్‌కు పదేళ్లకు పైగా మార్పులు ఈమెయిల్‌లోనే ప్యాచ్‌లుగా వచ్చేవి. వాటిని ఆయనే ఒక్కొక్కటీ కలుపుకునేవారు. పని మోయలేనంత పెరిగాక, 2002లో లారీ మెక్‌వాయ్ కంపెనీ బిట్‌మూవర్ తయారుచేసిన బిట్‌కీపర్‌కు మారారు. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రగా దాచే పనిముట్టు అది. ఓపెన్ సోర్స్ వాళ్లకు అది ఉచితమే కానీ ఒక షరతు ఉంది: వాడుకునేవాళ్లు దానికి పోటీ సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యకూడదు. రిచర్డ్ స్టాల్‌మన్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులు గట్టిగా వ్యతిరేకించారు. అందరికీ చెందిన కెర్నల్‌ను మూసిన పెట్టెలో పెడతారా అన్నది వాళ్ల ప్రశ్న. పని బాగా జరిగే పనిముట్టే కావాలన్నది టోర్వాల్డ్స్ జవాబు. మూడేళ్లు అలాగే గడిచాయి. ఆ తర్వాత సాంబా అనే సాఫ్ట్‌వేర్ రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్, బిట్‌కీపర్ సర్వర్‌తో మాట్లాడగల స్వేచ్ఛా ప్రోగ్రామ్ ఒకటి రాయడం మొదలుపెట్టారు. టెల్‌నెట్‌తో ఆ సర్వర్‌కు కనెక్టై 'హెల్ప్' అని కొడితే అది తన ఆదేశాల జాబితా తానే చెప్పేస్తుందని ఆయన తర్వాత అందరిముందూ చేసి చూపించారు. ఆ ప్రోగ్రామ్ వల్లే మెక్‌వాయ్ ఉచిత వెర్షన్ ఆపేశారు. టోర్వాల్డ్స్ ట్రిడ్జెల్‌నే బాహాటంగా తప్పుపట్టారు. నా ఉద్దేశంలో ఆ విషయంలో ట్రిడ్జెల్ పక్షానే న్యాయం ఉంది.

కానీ తప్పుపట్టి ఊరుకోలేదు టోర్వాల్డ్స్. 2005 ఏప్రిల్ 3న కొత్త పనిముట్టు రాయడం మొదలుపెట్టారు. 7వ తేదీకల్లా గిట్ తన కోడ్‌ను తానే భద్రపరుచుకునే స్థితికి వచ్చింది. అలా భద్రపరిచిన తొలి రూపంలో, అంటే తొలి కమిట్‌లో, ఉన్నవి 11 ఫైళ్లు, వెయ్యికి కొంచెం పైన లైన్లు. నేటి గిట్‌కు పునాది అంతా ఆ కొద్దిపాటి కోడ్‌లోనే ఉంది.

ఆయన మనసులో ఏముందో తెలియాలంటే 2003 నవంబర్‌లో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. కెర్నల్ కోడ్‌కు బిట్‌కీపర్ వాడనివాళ్ల కోసం వేరే సర్వర్‌లో ఒక నకలు ఉండేది. ఎవరో ఆ సర్వర్‌లోకి చొరబడి రెండు లైన్లు చేర్చారు. ఈ యూజర్ నంబరు సున్నాకు సమానమా అని అడగాల్సిన చోట, సమానం చెయ్యి అని రాశారు. రెండు సమానం గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. సున్నా సర్వాధికారి నంబరు కాబట్టి, ఆ కోడ్‌ను ఒక ప్రత్యేకమైన తీరులో పిలిస్తే చాలు, మామూలు యూజర్ ఆ కంప్యూటర్‌కు సర్వాధికారి అయిపోతాడు. అసలు భాండాగారంలో (రిపోజిటరీలో) ఆ మార్పుకు చరిత్ర లేకపోవడంతో దొంగతనం బయటపడింది. నకలుకూ అసలుకూ తేడా వస్తే వెంటనే తెలిసిపోవాలి, అదీ ఏ కాపలాదారునూ నమ్మాల్సిన పనిలేకుండా. గిట్ నిర్మాణమంతా ఈ కోరిక చుట్టూ అల్లుకుంది.

ఇక భాగాల్లోకి వద్దాం. అన్నిటికన్నా చిన్నది బ్లాబ్. ఒక ఫైల్‌లో ఉన్న బైట్లు, అంతే. ఫైల్ పేరు ఉండదు, తేదీ ఉండదు, రాసినవాళ్లెవరో ఉండదు. ఒక ఫైల్‌లో 'తెలుగు' అనే మాట రాసి ఎంటర్ కొట్టారనుకోండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. లైన్ ముగింపు ఇంకొకటి. గిట్ దీని ముందు 'బ్లాబ్ 19' అని రాసి, ఒక సున్నా బైట్ పెట్టి, ఆ మొత్తాన్ని షా-1 అనే సూత్రంలో నుంచి పోనిస్తుంది. 160 బిట్ల సంఖ్య ఒకటి బయటికి వస్తుంది. పదహారు గుర్తుల లెక్కలో రాస్తే 40 అక్షరాలు. ఆ బ్లాబ్‌కు అదే పేరు; దాన్నే హ్యాష్ అంటారు. మొదటి రెండు అక్షరాలతో ఒక ఫోల్డర్, మిగతా 38 అక్షరాల పేరుతో అందులో ఒక ఫైల్, దానిలో కుదించిన బైట్లు.

ఇందులో పనితనం ఎక్కడుందో నిదానంగా చూడాలి. పేరును మనిషి పెట్టలేదు, సర్వర్ వరుస నంబరు ఇవ్వలేదు. విషయమే తన పేరును పుట్టించుకుంది. విజయవాడలో ఒకరు, బెర్లిన్‌లో ఒకరు ఒకరికొకరు తెలియకుండా అవే బైట్లు రాస్తే ఇద్దరి దగ్గరా అదే పేరు వస్తుంది. ఒక్క బైట్ మారితే పేరు పూర్తిగా మారిపోతుంది. ఒకే ఫైల్ వంద ఫోల్డర్లలో ఉన్నా భాండాగారంలో ఒక్క ప్రతే ఉంటుంది. వంద ప్రతులను వెతికి ఏరేసే కోడ్ ఎవరూ రాయలేదు. పేరు పెట్టే పద్ధతి నుంచే అది దానంతటదే వచ్చింది. తొలి రోజుల్లో ఈ లెక్క కుదించిన బైట్ల మీద జరిగేది. అలాగైతే కుదించే తీరు మారినప్పుడల్లా పేరు మారుతుంది. కొద్ది వారాల్లోనే దాన్ని అసలు బైట్ల మీదకు మార్చారు. చూడటానికి చిన్న దిద్దుబాటే. కానీ ఇరవై ఏళ్ల నాటి పేర్లు ఇవాళ్టికీ చెల్లుతున్నాయంటే అదే కారణం.

బ్లాబ్ మీద ట్రీ ఉంటుంది. ట్రీ అంటే ఒక ఫోల్డర్ జాబితా. ప్రతి వరుసలో అనుమతులు, పేరు, దాని హ్యాష్ ఉంటాయి. లోపలి ఫోల్డర్ అయితే మరో ట్రీ హ్యాష్. ట్రీకి కూడా తనలోని బైట్ల నుంచే పేరు పుడుతుంది. అంటే లోపల ఎక్కడో ఒక ఫైల్ మారితే దాని బ్లాబ్ పేరు మారుతుంది. ఆ పేరు ఉన్న జాబితా మారుతుంది, కాబట్టి ఆ ట్రీ పేరూ మారుతుంది. అలా పైదాకా పాకుతుంది. కెర్నల్‌లో వేల ఫైళ్లున్నాయి. రెండు ఫోల్డర్ల లోతులో ఉన్న ఒక ఫైల్ మార్చి కమిట్ చేస్తే కొత్తగా పుట్టేవి ఎన్ని? ఒక బ్లాబ్, దారిలో ఉన్న మూడు ట్రీలు, ఒక కమిట్. మొత్తం ఐదు. మిగతా వేల వస్తువులు పాత పేర్లతో ఉన్నచోటే ఉంటాయి. ఏ కొమ్మ మారిందో తెలుసుకోవాలంటే పై పేర్లు పోల్చితే చాలు. పేరు ఒకటే అయితే లోపలికి వెళ్లాల్సిన పనే లేదు. గిట్ వేగంలో పెద్ద భాగం ఇలా చెయ్యకుండా వదిలేసిన పని నుంచే వస్తుంది. హ్యాష్‌లను ఇలా అంతస్తులుగా కట్టే ఆలోచన రాల్ఫ్ మెర్కల్‌ది, 1979 నాటిది. పేర్లకు షా-1 వాడటం మోనోటోన్ అనే మరో పనిముట్టులో అప్పటికే ఉంది. టోర్వాల్డ్స్ గొప్పతనం వాటిని కనిపెట్టడంలో లేదు. అవి చాలు, ఇంకేమీ అక్కర్లేదు అని గుర్తించడంలో ఉంది.

మూడోది కమిట్. పై ట్రీ పేరు, దీనికి ముందున్న కమిట్ పేరు, రాసినవారు, చేర్చినవారు, సమయం, సందేశం. రాసినవారూ చేర్చినవారూ వేర్వేరు వరుసలు కావడం నాకు ఎంతో నచ్చిన వివరం. కెర్నల్‌లో ప్యాచ్ రాసేది ఒకరు, దాన్ని పరిశీలించి తీసుకునేది మరొకరు. చేర్చినవారి పేరు కింద రాసినవారి కష్టం మరుగునపడకూడదు. సమయం పక్కన ఏ దేశకాలమో కూడా ఉంటుంది. హైదరాబాద్‌లో చేసిన ప్రతి కమిట్‌లో +0530 అని శాశ్వతంగా నిలిచిపోతుంది. ముందరి కమిట్ పేరు ఇందులో ఇమిడి ఉంది కాబట్టి, చివరి కమిట్ పేరు ఒక్కటి చేతిలో ఉంటే దాని వెనకున్న చరిత్రంతా ముద్ర వేసినట్టే. పదేళ్ల కిందటి ఒక లైన్‌ను గుట్టుగా మారిస్తే అక్కడి నుంచి ఇక్కడిదాకా ప్రతి పేరూ మారిపోతుంది.

మరి బ్రాంచ్ ఏమిటి? పాత పనిముట్లలో బ్రాంచ్ అంటే భయం, కలపడం అంటే అంతకన్నా భయం. గిట్‌లో బ్రాంచ్ 41 బైట్ల ఫైల్: ఒక కమిట్ పేరు 40 అక్షరాలు, లైన్ ముగింపు ఒకటి. పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్న నెమలీక లాంటిది. తీసి ఇంకో పేజీలో పెట్టినా పుస్తకానికి ఏమీ కాదు. అందుకే గిట్‌లో వేరుపడటం కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. నీ ఆలోచన నాకు నచ్చలేదు, నాది నేను రాసి చూపిస్తాను అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రతివాళ్ల దగ్గరా పూర్తి చరిత్ర ఉంటుంది. ఏది అసలు అన్నది మనుషులు మాట్లాడుకుని ఒప్పుకునే సంగతి, ఏ సర్వరో తేల్చేది కాదు.

వేరుపడినవాళ్లు మళ్లీ కలవాలి కదా. గిట్ రెండు కొనలను మాత్రమే చూసి ఊరుకోదు. రెండూ ఎక్కడ చీలాయో ఆ ఉమ్మడి కమిట్ దాకా వెనక్కి నడుస్తుంది. ఆ పాత రూపంతో రెండింటినీ పోల్చుతుంది. ఒక వైపే మారిన చోట ఆ మార్పును తీసుకుంటుంది. చరిత్ర చిక్కుపడి అలాంటి ఉమ్మడి కమిట్లు రెండు మూడు ఉంటే, ముందు వాటినే ఒకదానిలో ఒకటి కలిపి ఊహామాత్రంగా ఒక పూర్వీకుణ్ని తయారుచేసుకుంటుంది. ఇద్దరూ ఒకే చోట మార్చి ఉంటే అక్కడ ఆగుతుంది. మీ మాట ఇది, వారి మాట ఇది అని రెండూ పక్కపక్కన పెట్టి తీర్పును మనిషికి వదులుతుంది. ఎవరిదో ఒకరిది ఒప్పని యంత్రం తేల్చెయ్యదు. కలిసిన కమిట్‌లో ఇద్దరి వంశమూ నమోదవుతుంది. కెర్నల్‌లో 66 మంది తల్లిదండ్రులున్న కమిట్ కూడా ఒకటుంది.

ఫైల్ పేరు మార్చితే గిట్ ఆ సంగతి రాసుకోదు. ఇది టోర్వాల్డ్స్ పట్టుబట్టి తీసుకున్న నిర్ణయం. రెండు రూపాలూ ఉంటే పోలికను బట్టి తర్వాత ఎప్పుడైనా ఊహించవచ్చని ఆయన వాదన. సగం పైగా పోలిక ఉంటే గిట్ దాన్ని పేరుమార్పుగా చూపిస్తుంది. పేరు మార్చి, లోపల కూడా బాగా తిరగరాస్తే ఆ దారం తెగుతుంది. అక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. అయినా ఆ పట్టుదల వల్ల లోపలి నిర్మాణం ఎంత తేలిగ్గా మిగిలిందో ఒప్పుకోవాలి.

ప్రతి రూపాన్నీ పూర్తిగా దాచుకుంటే డిస్క్ నిండిపోదా? దానికి ప్యాక్ ఫైల్ ఉంది. వస్తువులను రకం, పేరు, పరిమాణం బట్టి వరుస చేసి, పక్కపక్కన వచ్చేవాటిలో ఒకదాన్ని పూర్తిగా ఉంచి, మిగతావాటిని తేడాలుగా రాస్తుంది. మామూలుగా తాజా రూపమే పూర్తిగా ఉంటుంది, పాతవి తేడాలవుతాయి. ఎక్కువగా అడిగేది తాజాదే కాబట్టి అది వెంటనే దొరకాలి. ఒక తేడా మీద ఇంకో తేడా అంటూ 50 మెట్లకు మించి దిగనివ్వదు. అయితే ఇదంతా నిల్వ చేసే తీరు మాత్రమే. పైనున్న బ్లాబ్‌కు, ట్రీకి, కమిట్‌కు ఈ కుదింపు సంగతే తెలియదు. వాటి పేర్లు మారవు. అర్థాన్నీ నిల్వనూ ఇంత శుభ్రంగా విడదీసిన ప్రోగ్రామ్‌లు నేను చూసినంతలో తక్కువ.

ఈ కట్టడానికి పరీక్షలూ వచ్చాయి. 2011 ఆగస్టులో కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకి చొరబాటు జరిగిందని బయటపడింది. సైట్‌ను మూసి నెల దాటినా తెరవలేదు. కోడ్ గురించి మాత్రం పెద్దగా కంగారు పడలేదు. వేలమంది దగ్గర పూర్తి ప్రతులున్నాయి, ఒక్క బైట్ మార్చినా పేర్లు కలవవు. 2003లో దొంగకు దొరికిన సందు ఇక లేదు. 2017 ఫిబ్రవరిలో ఇంకో దెబ్బ తగిలింది. గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే షా-1 వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను సృష్టించి చూపారు. మూడు నెలల్లో గిట్ 2.13 అలాంటి దాడిని పసిగట్టే షా-1తో వచ్చింది. 64 అక్షరాల పేర్లిచ్చే షా-256 భాండాగారాలకు 2020లో ప్రయోగాత్మకంగా వీలు కల్పించారు. పునాదిరాయిని మారుస్తూ ఇల్లు కదలకుండా చూడటం నిదానంగా సాగే పని. అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ ఓపిక గిట్‌కు టోర్వాల్డ్స్ నుంచి రాలేదు. 2005 జూలైలోనే ఆయన పగ్గాలు జునియో హమానోకు అప్పగించి కెర్నల్ పనికి వెళ్లిపోయారు. అదే ఏడాది డిసెంబర్‌లో 1.0 వెర్షన్ విడుదల చేసింది హమానోయే. అప్పటినుంచి ఎవరెంత వాదించినా ప్యాచ్‌లను చదివి, పాత భాండాగారం ఒక్కటీ చెడకుండా చూసుకుంటూ వచ్చారు. పేరు టోర్వాల్డ్స్‌కు దక్కింది. ఈ సౌష్ఠవానికి సగం గౌరవం హమానోకు దక్కాలి.

ఆ పాత తగవు ఎటు తేలిందో కూడా చెప్పుకోవాలి. 2017లో మైక్రోసాఫ్ట్ విండోస్ కోడ్‌ను, దాదాపు 300 గిగాబైట్లు, గిట్‌లోకి తెచ్చింది. అంతకు ముందు ఏడాది, 2016లో, బిట్‌కీపర్ కోడ్ అందరికీ తెరిచారు.

మీరు ప్రోగ్రామర్ అయితే ఇవాళ ఒక పని చెయ్యండి. మీ ప్రాజెక్టులోని గిట్ ఫోల్డర్ తెరవండి. మీ చివరి కమిట్ పేరును గిట్ క్యాట్-ఫైల్ -p ఆదేశానికి ఇవ్వండి. అందులో కనిపించే ట్రీ పేరును మళ్లీ ఇవ్వండి, దానిలోంచి ఒక బ్లాబ్ పేరును తీసి ఇవ్వండి. మూడు ఆదేశాల్లో మీరు నిన్న రాసిన కోడ్ దాకా చేరుకుంటారు. అంతకు మించి లోపల దాచింది ఏదీ లేదు.