పెట్టెమీది అంకె, మిద్దెమీది ఎండ

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ, మొగల్‌పురా, యాకుత్‌పురా మున్నగు ప్రాంతములందు మిద్దెలపైకెక్కి చూచినచో, నీళ్ల ట్యాంకుల నడుమ అక్కడక్కడ నిలబెట్టిన ఇనుప గొట్టములు కనబడును. వాటి కొనలకు తెల్లని చిన్న పెట్టెలు బిగించియుండును. చూపరులకు అవి అల్పముగా తోచును. కాని క్రింది అంతస్తులలో విద్యార్థి పరీక్ష దరఖాస్తు పంపుటయు, గల్ఫు దేశమందున్న తండ్రితో కుటుంబము మాటలాడుటయు వాటిపైననే ఆధారపడియున్నవి. ఒక మిద్దెనుండి మరియొక మిద్దెకు రేడియో తరంగములద్వారా అంతర్జాలమును అందించు చిన్న వ్యాపారుల సాధనములివి.

పాతబస్తీలో ఈ పద్ధతి అవసరమగుటకు కారణములు కలవు. సందులు ఇరుకు, నేల త్రవ్వి కేబులు వేయుట ఖర్చుతోను అనుమతులతోను కూడిన పని. స్తంభములపై వ్రేలాడదీసిన కేబుళ్లకు భద్రత లేదు. 2025 ఆగస్టులో రామంతాపూరులో ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి అయిదుగురు మరణించిరి. పిమ్మట నగరమున విద్యుత్ స్తంభములపైనున్న కేబుళ్లను తొలగింపగా పలుచోట్ల అంతర్జాలము నిలిచిపోయినది. మిద్దెకును మిద్దెకును నడుమ రేడియో లంకె యున్నచో ఆ మేరకు స్తంభముతో పని లేదు. 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము 5 గిగాహెర్ట్జ్ ప్రాంతమున కొన్ని పట్టీలను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించినందున ఈ మార్గము చిన్నవారికిని అందుబాటులోనికి వచ్చినది.

స్తంభము బెడద తప్పినను ఆకాశము బెడద తప్పదు. కావుననే పెట్టెను కొను వ్యాపారి మొదట అడుగు ప్రశ్న "ఐ.పి. ఎంత?" అని. 67 అని అచ్చువేసియున్నచో అతడు సంతృప్తి చెందును. రెండు సంవత్సరములలో ఆ పెట్టె చెడిపోయినచో "నకిలీ సరకు" అని అమ్మినవానిని నిందించును. సరకు నకిలీ కాకపోవచ్చును. ఆ అంకె అబద్ధము చెప్పియుండకపోవచ్చును. ఆ అంకె దేనికి హామీ ఇచ్చుచున్నది, దేనికి ఇచ్చుటలేదు అను విషయమే విచారింపదగినది.

ఐ.పి. సంకేతము అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము వారి 60529 సంఖ్యగల ప్రమాణములోనిది. ఇది 1976లో మొదట ప్రకటింపబడినది. భారతీయ ప్రమాణముల సంస్థ కూడ దీనిని స్వీకరించినది. ఇందు మొదటి అంకె ఘనపదార్థములనుండి రక్షణను తెలుపును. 6 అనగా దుమ్ము ఏమాత్రము చొరదని అర్థము. రెండవ అంకె నీటిని గూర్చినది. 5 అనగా 6.3 మిల్లీమీటర్ల నాళమునుండి నిమిషమునకు 12.5 లీటర్ల చొప్పున చిమ్మిన నీటికి తట్టుకొనును. 6 అనగా 12.5 మిల్లీమీటర్ల నాళమునుండి నిమిషమునకు 100 లీటర్లు చిమ్మినను తట్టుకొనును. 7 అనగా ఒక మీటరు లోతు నీటిలో అరగంట ముంచినను చెడదు.

ఈ సంకేతమునకు ముందు "వానకు చెడదు" అను మాటకు అమ్మువాడు చెప్పినదే అర్థము. ఆ మాటకు బదులు కొలతను నిలిపిన ఘనత ఈ ప్రమాణమునకే దక్కవలెను. ఏ దేశమున చేసిన పెట్టెనైనను ఒకే తూనికతో తూచుటకు ఇది వీలు కల్పించినది. దీనిని విమర్శించువారు ఈ మేలును మరువరాదు.

ఇక లోపములు. మొదటిది, అంకెలు పెరిగినకొలది రక్షణ పెరుగునను భ్రమ. 6 వరకు ఈ మాట నిజము. ఆ పిమ్మట కాదు. ముంచినపుడు చెడని పెట్టె, చిమ్మిన నీటికి కూడ తట్టుకొని తీరునను నియమము లేదు. రెండు పరీక్షలలోను నెగ్గిన పెట్టెపై 66, 67 అని రెండంకెలును వేయవలెను. మిద్దెపై గొట్టమునకు కట్టిన పెట్టె నీట మునుగుట అరుదు; ఈదురుగాలితో కొట్టు వాన ప్రతి యేడును తప్పదు. కనుక 67 ఒక్కటే యున్న పెట్టెకంటె 66 గల పెట్టెయే ఆ మిద్దెకు తగినది కావచ్చును.

రెండవ లోపము ఇంతకంటె గంభీరమైనది. పరీక్షకు పెట్టు నమూనా క్రొత్తదిగాను శుభ్రముగాను ఉండవలెనని ఆ ప్రమాణమే చెప్పుచున్నది. ముంచు నీటికిని పెట్టెకును ఉష్ణోగ్రతలో 5 డిగ్రీలకంటె భేదముండరాదని కూడ చెప్పుచున్నది. పాతబస్తీ మిద్దెమీద జరుగునది దీనికి సరిగా విరుద్ధము. వేసవిలో మధ్యాహ్నము మూడు గంటలకు పెట్టెలోని గాలి 65 డిగ్రీలకు చేరినదనుకొందురు గాక. అంతలో ఉరుములతో వాన కురిసి దానిని 25 డిగ్రీలకు దింపినది. పెట్టె బిగువుగా మూసియున్నచో లోపలి గాలి పీడనము పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతములో తగ్గవలెను. 338 కెల్విన్లనుండి 298కి దిగుట అనగా పీడనము సుమారు నూటికి 12 వంతులు తగ్గుట. హైదరాబాదు సముద్రమట్టమునకు దాదాపు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఇచట వాయుపీడనము సుమారు 95 కిలోపాస్కలులు. అందు 12 వంతులు సుమారు 11 కిలోపాస్కలులు. ఇది 1.1 మీటర్ల లోతున నీరు కలుగజేయు పీడనమునకు సమానము!

అనగా, ప్రయోగశాలలో పెట్టె తన జీవితమున ఒక్కమారు ఎదుర్కొను ముంపు పరీక్షను, వేసవి వాన ఒక్క సాయంకాలమున పెట్టుచున్నది. మరల మరల పెట్టుచున్నది. అదియు క్రొత్త రబ్బరుపై గాక, ఎండకు బిరుసెక్కిన రబ్బరుపై పెట్టుచున్నది. ఈ ప్రమాణమును వ్రాసినవారు ఈ సంగతిని బొత్తిగా ఎరుగనివారు కారు. దుమ్ము పరీక్షలో లోపలి పీడనమును 2 కిలోపాస్కలులవరకు తగ్గించి చూచు పద్ధతిని వారే చేర్చిరి. కాని 2 ఎక్కడ, 11 ఎక్కడ? రబ్బరు ఏ మాత్రము సందిచ్చినను పెట్టె తేమను లోనికి పీల్చుకొనును. వచ్చిన తేమ తిరిగి పోవుటకు దారి లేక, రాత్రి చల్లదనమునకు బిందువులై లోపలి రాగిపై పచ్చని చిలుము పట్టించును. అందుచేతనే గాలిని పోనిచ్చి నీటిని ఆపు టెఫ్లాన్ పొరతో కూడిన చిన్న రంధ్రముగల పెట్టె, ఏ రంధ్రమును లేని పెట్టెకంటె మేలు.

మూడవది ఎండ. బేగంపేట వాతావరణ కేంద్రములో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. అది నీడలో తీసిన కొలత. నడిమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తిని తెచ్చును. 20 సెంటీమీటర్ల చతురస్రపు ముఖము గల పెట్టెపై ఎండ నిటారుగా పడినచో 40 వాట్లు. నల్లని పెట్టె అందు 36 వాట్లవరకు గ్రహింపగలదు. శుభ్రమైన తెల్లని పెట్టె 10 వాట్లతో సరిపెట్టుకొనును. లోపలి రేడియో తాను పుట్టించు వేడి 10 వాట్ల ప్రాంతముననే యుండును. అనగా నల్లరంగు వేయుట మూడు నాలుగు రేడియోలను లోపల కూర్చుండబెట్టుటతో సమానము. విద్యుద్విశ్లేష్య కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సగమగునని ఇంజనీర్ల స్థూలసూత్రము. ఎండలోని అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్కును కూడ తినివేయును. ఏ.బి.ఎస్. అను ప్లాస్టిక్కులోని రబ్బరు అణువులందు ద్విబంధములుండుటచే అవి త్వరగా ఆక్సీకరణము చెంది పెళుసగును. అట్టి బంధములు లేని ఏ.ఎస్.ఏ. ప్లాస్టిక్కు ఆరుబయట ఎక్కువకాలము నిలుచును. ఈ భేదమును ఐ.పి. అంకె చూపదు.

నాలుగవది, పైనుండి గాక క్రిందినుండి వచ్చు ఆపద. తమిళనాడులో అరవింద కంటి ఆసుపత్రి గ్రామకేంద్రములను కలుపు వైఫై జాలమును నడపిన బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో తమ అనుభవమును ప్రకటించిరి. సాధనములు చెడుటకు విద్యుత్ సరఫరాలోని దోషములే ముఖ్యకారణమనియు, 500 వోల్టులను మించిన ఎగుడుదుడుకులు కనబడినవనియు వారు చూపిరి. నీటికి చలింపని పెట్టె విద్యుత్ తాకిడికి కాలిపోయినచో ఏమి లాభము? గొట్టమునకు భూసంధానము చేయుటయు, కేబులు రెండు కొనలయందు తాకిడి నిరోధకములు పెట్టుటయు అవసరము.

కేబులు విషయమున ఒక చిన్న లెక్క విద్యార్థులకు ఉపకరించును. 24 వోల్టుల వద్ద 12 వాట్లు తీసికొను రేడియోకు అర ఆంపియరు ప్రవహించును. 60 మీటర్ల రాగి కేబులులో పోవుటకు రెండు తీగలు, వచ్చుటకు రెండు తీగలు వాడినచో మొత్తము నిరోధము సుమారు 5 ఓములు, 2.5 వోల్టులు దారిలోనే పోవును. రాగిపూత వేసిన అల్యూమినియము తీగయైనచో నిరోధము ఒకటిన్నర రెట్లకు మించును. నష్టము ఇంచుమించు 4 వోల్టులు. అట్టి తీగ చూచుటకు రాగివలెనే యుండును. చాకుతో గీచినచో లోపలి తెలుపు బయటపడును.

ఇవన్నియు ఐ.పి. ప్రమాణము చేసిన తప్పులా? కావు. బిందువులగు తేమ, తుప్పు పట్టించు ఆవిరులు, బూజు, పురుగులు, దెబ్బలు తన పరిధిలో లేవని ఆ ప్రమాణము మొదటనే చెప్పుకొన్నది. ఎండకును, ఉప్పు తేమకును, దెబ్బలకును వేరువేరు పరీక్షలు కలవు. తప్పంతయు ఒక అంకెను పది ప్రశ్నలకు సమాధానముగా అచ్చువేయు ప్రకటనలది. ఆ అంకెతో ఆగిపోవు కొనుగోలుదారునిది. అయినను ప్రమాణమును పూర్తిగా విడిచిపెట్టరాదు. ఆరుబయట వాడు పెట్టెకు వేడెక్కించి తడుపు పరీక్షను, కొంతకాలము ఎండలో పెట్టిన నమూనాను నిర్బంధము చేయనంతవరకు, ఆ అంకెకు "క్రొత్తగా ఉన్నపుడు" అను విశేషణము మనస్సులో చేర్చుకొనియే చదువవలెను.

పాతబస్తీలోని చిన్న వ్యాపారికి విడి పెట్టెలు కొని నిలువచేసికొను శక్తి తక్కువ. ఒక రేడియో చెడినచో దానిపై ఆధారపడిన ఇండ్లన్నియు మూగవోవును. కనుక అతడు అడుగవలసినది ఒక్క ప్రశ్న కాదు. చిమ్ము నీటికి పరీక్షించితిరా? ప్లాస్టిక్కు ఏది? గాలి రంధ్రమున్నదా? గొట్టమునకు వేడి జింకుపూత ఉన్నదా? కేబులు శుద్ధ రాగియేనా? పెట్టిన పిమ్మట కేబులు ద్వారము క్రిందివైపున ఉండి, తీగ కొంచెము వ్రేలాడి పైకి పోవునట్లు చేసినచో, నీరు ఆ వంపువద్దనే కారిపోవును. ఈ పనికి ఖర్చేమియు లేదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలోనే చూపవచ్చును. పలుచని ప్లాస్టిక్ సీసాలో వేడినీరు పోసి, త్రిప్పి, పారబోసి, వెంటనే మూత బిగించి చల్లని నీటిధార క్రింద పెట్టవలెను. సీసా నొక్కినట్లు ముడుచుకొనిపోవును. ఆవిరి నీరగుటచే ఇందు ఫలితము మరింత స్ఫుటముగా కనబడును. ఆ ముడుచుకొనిన సీసాను చూచిన బాలుడు, మిద్దెమీది తెల్లపెట్టె వానలో ఏల నీరు త్రాగునో మరువడు.