రేవు కనిపించని ఓడ ప్రయాణం: ఉత్తర ఐరోపా క్రూయిజ్ యాత్రాకథనం – ఒక పరిశీలన

యాత్రాసాహిత్యాన్ని విలువ కట్టేటప్పుడు విమర్శ సాధారణంగా యాత్రికుడు ఏం చూశాడో, చూసినదాన్ని ఎంత చక్కగా వర్ణించాడో పరిశీలిస్తుంది. అతడు ఏ వాహనం మీద వెళ్లాడన్న విషయాన్ని జీవితచరిత్రకు సంబంధించిన చిన్న వివరంగా భావించి దాటిపోతుంది. కానీ యాత్రాకథన నిర్మాణాన్ని చాలావరకు నిర్ణయించేది వాహనమే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఆయన పల్లకీలో, పెద్ద పరివారంతో ప్రయాణించాడు. అందువల్లనే కాశీయాత్రచరిత్రలో కథనానికి ప్రమాణం మజిలీ. దిగిన ఊళ్లో నీళ్లు మంచివా కావా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, ముందున్న బాట రాతిదా రేగడిదా అన్న వివరాలు గ్రంథం పొడవునా వస్తాయి. ఇవి వర్ణనాభిలాషతో చేర్చినవి కావు. బోయీలకు తిండి, పరివారానికి నీడ వెతకవలసిన అవసరం నుంచి పుట్టినవి. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఎప్పటికప్పుడు రాసి పంపిన ఆ రాతలు, రచయిత మరణానంతరం 1838లో పుస్తకంగా వెలువడ్డాయి. నేటికీ అవి చరిత్రకారులకు ఉపయోగపడుతున్నాయంటే అందులో పల్లకీ నెమ్మదితనానికీ వాటా ఉంది.

ఇదే దృష్టితో చూసినప్పుడు, బాల్టిక్, ఉత్తర సముద్ర తీరాల పాత రేవు పట్టణాలను క్రూయిజ్ నౌకలో చుట్టివచ్చి రాసే కథనం ఒక ప్రత్యేక రూపంగా కనిపిస్తుంది. కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, హెల్సింకి, టాలిన్, గ్దాన్‌స్క్, ల్యూబెక్ వంటి పేర్లు, నార్వే వైపు తిరిగితే బెర్గెన్, ఈ కథనాల్లో పదేపదే వస్తాయి. పడవల ప్రణాళికలు వేరైనా నడక ఒకటే. నౌక ఎక్కువగా రాత్రిపూట సాగుతుంది, ఉదయానికి రేవులో ఆగి ఉంటుంది, సాయంత్రం నిర్ణీత సమయానికి ప్రయాణికులు తిరిగి ఎక్కాలి. కథనంలో ప్రతి అధ్యాయం రేవులో నిలిచిన ఓడతో మొదలై రేవు వదిలిన ఓడతో ముగుస్తుంది. రెండు అధ్యాయాల మధ్య ఉన్న సముద్రం నిద్రలో గడిచిపోతుంది. సముద్రయాత్ర గురించిన రచనలో సముద్రమే లేకపోవడం ఈ రూపానికి పుట్టుకతో వచ్చిన లోపం.

ఈ లోపాన్ని శైలికి సంబంధించినదిగా తీసిపారేయలేం, ఎందుకంటే ఆ పట్టణాలను నిర్మించింది సముద్రమే. ల్యూబెక్‌లో హోల్‌స్టెన్ ద్వారం పక్కన, ట్రావె నది ఒడ్డున ఇటుక గిడ్డంగులు కొన్ని వరుసగా ఉన్నాయి. ప్రయాణికులు వాటి ముందు నిలబడి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. అవి ఉప్పు గిడ్డంగులు. లూనెబుర్గ్ ఉప్పు, 1398లో పూర్తయిన స్టెక్‌నిట్జ్ కాలువ మీదుగా పడవల్లో ల్యూబెక్ చేరేది. అక్కడి నుంచి దక్షిణ స్వీడన్ తీరానికి వెళ్లి, అక్కడ పట్టిన హెర్రింగ్ చేపల పీపాల్లో పడేది. ఉప్పు లేకపోతే ఆ చేప ఒకటి రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. ఉప్పు ఉంటే నెలల తరబడి నిలుస్తుంది, ఉపవాస దినాల్లో మాంసం ముట్టని క్రైస్తవ ఐరోపా అంతటా అమ్ముడవుతుంది. ల్యూబెక్ హన్సా వర్తక సంఘానికి నాయకత్వం వహించే స్థాయికి ఎదగడంలో ఈ ఉప్పుకూ చేపకూ పెద్ద పాత్ర ఉంది. ‘అందమైన ఇటుక భవనాలు’ అన్న వర్ణన దగ్గర ఆగిపోయే కథనం కంటికి కనిపించేదాన్ని చెప్పి కారణాన్ని వదిలేస్తుంది.

బెర్గెన్‌లోని బ్రిగ్గెన్ ఇంకా మంచి ఉదాహరణ. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ కొయ్య ఇళ్ల వరుసను చూడని క్రూయిజ్ యాత్రికుడు ఉండడు. 1702 అగ్నిప్రమాదం తరువాత పాత పద్ధతిలోనే తిరిగి కట్టిన ఇళ్లవి. 1360 ప్రాంతం నుంచి 1754 వరకు అక్కడ హన్సా వర్తకుల స్థావరం నడిచింది. ఉత్తరాన లొఫొతెన్ దీవుల్లో గాలికి ఎండిన కాడ్ చేప ఇక్కడికి వచ్చేది, బాల్టిక్ తీరపు ధాన్యం దానికి బదులుగా ఉత్తరానికి వెళ్లేది. జర్మన్ భాషీయులైన ఆ వర్తకులు, గుమాస్తాలు, శిష్యులుగా చేరిన కుర్రవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. కొయ్య ఇళ్లు అంటుకుంటాయన్న భయంతో నివాసాల్లో నిప్పు రాజేయకూడదు. వంటకూ వెచ్చదనానికీ వేరుగా కట్టిన సభాగృహాలకు పోవలసిందే. నార్వే చలికాలంలో నిప్పు లేని గదిలో ఎండుచేపల వాసన మధ్య పడుకున్న పదిహేనేళ్ల కుర్రవాడిని ఊహించుకోగలిగితే ఆ రంగురంగుల ముఖద్వారాలు వేరే అర్థం ఇస్తాయి. ఆ అవకాశం బ్రిగ్గెన్‌లోనే ఉంది. పక్కనున్న ప్రదర్శనశాలలు ఈ వివరాలన్నీ చెబుతాయి. కానీ వాటికి వెచ్చించవలసిన సమయం ఓడ కాలపట్టికలో సాధారణంగా ఉండదు.

పేర్ల సంగతి కూడా గమనించాలి. క్రూయిజ్ కరపత్రాల్లో ‘బెర్లిన్’ ఒక రేవుగా కనిపిస్తుంది. ఓడ నిజానికి ఆగేది వార్నెముండె అనే సముద్రతీర పట్టణంలో. అక్కడి నుంచి బెర్లిన్ 200 కిలోమీటర్లకు పైగా దూరం. గ్దాన్‌స్క్ చూపించే పెద్ద నౌకలు తరచు పొరుగునున్న గిడినియాలో లంగరు వేస్తాయి, ల్యూబెక్ అన్నప్పుడు ట్రావెముండె అని అర్థం చేసుకోవలసి ఉంటుంది. యాత్రికుడు ఆ పేర్లనే తన కథనానికి ఎక్కించుకున్నప్పుడు, అడుగుపెట్టిన ఊరు అదృశ్యమై, బస్సులో చేరిన ఊరు ‘రేవు’గా మారుతుంది. వీరాస్వామయ్య మజిలీ పేరును ఇలా మార్చి ఉంటే కాశీయాత్రచరిత్ర ఆధారంగా పాత బాటలను గుర్తించడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

అయినా క్రూయిజ్ కథనాన్ని పూర్తిగా కొట్టిపారేయడం విమర్శకు న్యాయం కాదు. విమానంలో, రైల్లో వచ్చినవారికి దక్కనిది ఒకటి దీనికి దక్కుతుంది. ఈ పట్టణాలు సముద్రం మీది నుంచి వచ్చేవారికి ముఖం చూపేలా పెరిగాయి. టాలిన్‌లో సెయింట్ ఒలాఫ్ చర్చి శిఖరం శతాబ్దాల పాటు నావికులకు దిక్కు చూపిన గుర్తు. నేలమీది సందుల్లో నిలబడి తల పైకెత్తితే అది కేవలం ఎత్తైన కట్టడం. ఓడ మీది నుంచి చూసినప్పుడే అది అంత ఎత్తు ఎందుకైందో అర్థమవుతుంది. హెల్సింకిలోకి ప్రవేశించే ఓడ 1748లో స్వీడన్ కట్టడం ప్రారంభించిన సుయోమెన్‌లిన్నా కోట పక్కగా సాగుతుంది. ఆ ఇరుకు దారి చూసినవారికి కోట ఎక్కడ ఎందుకు కట్టారో వేరుగా చెప్పనక్కరలేదు. స్టాక్‌హోమ్ చేరడానికి వేల దీవుల మధ్య గంటల తరబడి మెల్లగా రావాలి. తెల్లవారుజామున లేచి పై అంతస్తులో నిలబడే ఓపిక ఉన్న యాత్రికుడికి ఈ రూపంలోనూ గొప్ప గద్యానికి వీలుంది. స్టాక్‌హోమ్‌లో అందరూ చూసే వాసా నౌక విషయమూ ఇంతే. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తేలిన ఆ యుద్ధనౌక అంత చెక్కుచెదరకుండా ఉండడానికి బాల్టిక్ నీటిలో ఉప్పు తక్కువ కావడం ఒక ముఖ్య కారణం. కొయ్యను తొలిచే ఓడపురుగు ఆ నీటిలో బతకదు. ఓడ మునగడానికి రాజాజ్ఞలు, బరువు లెక్కలు కారణమని చెప్పే కథనాలు ఎన్నో ఉన్నాయి. అది నిలవడానికి కారణమైన నీటి గురించి రాసేవారు తక్కువ.

ఈ తీరం గురించి రాసిన యాత్రాగ్రంథాల్లో పోలికకు పనికివచ్చేది మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1796లో ప్రచురించిన లేఖల సంపుటి. 1795 వేసవిలో ఆమె స్వీడన్, నార్వే, డెన్మార్క్ రేవులను చుట్టి హాంబుర్గ్ చేరింది. వెంట ఏడాది వయసున్న కూతురు, ఒక పరిచారిక ఉన్నారు. ఇరవై అయిదు లేఖలు. మొదటి లేఖలోనే గాలి అనుకూలించక ఓడ అనుకున్న చోట ఆగదు. ఆమె పట్టుబట్టి పడవలో రాతి తీరానికి చేరి దీపస్తంభం దగ్గరి గుడిసెల వైపు వెళుతుంది. క్రూయిజ్ కథనంలో ఎన్నటికీ రాని ఘట్టమిది. సముద్రం యాత్రికురాలి ఇచ్ఛకు ఎదురు నిలిచినప్పుడే అది కథనంలో పాత్ర అవుతుంది. కోపెన్‌హాగన్ చేరినప్పుడు ఆమెకు ఊరి వెలుపల గుడారాలు కనిపిస్తాయి. సైనిక విడిది అనుకుంటుంది. ఆ ఏడాది జూన్‌లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదంలో ఇళ్లు కోల్పోయిన పేద కుటుంబాలు అక్కడ తలదాచుకున్నాయని తరువాత తెలుస్తుంది. తొలి చూపు తప్పు అని తేలడాన్ని లేఖలోనే నమోదు చేయడం ఆమె పద్ధతి. కాలపట్టికను అనుసరించే యాత్రికుడికి తొలి చూపును సవరించుకునే రెండవ రోజు దొరకదు.

ఈ సంపుటిలో ఇంకా లోతైన విషయం ఉంది. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ అక్కడికి విహారానికి వెళ్లలేదు. ఆమె గిల్బర్ట్ ఇమ్లే అనే అమెరికన్ వర్తకుడి తరఫున, వెండి సరుకుతో మాయమైన ఓడ వ్యవహారం తేల్చడానికి వెళ్లింది. ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా స్పష్టంగా రాదు. 1980లో స్వీడన్ చరిత్రకారుడు పేర్ న్యూస్త్రోమ్ ప్రచురించిన పరిశోధన తరువాతనే దాని వివరాలు పాఠకలోకానికి బాగా తెలిశాయి. అయితే లేఖల చివరి భాగంలో, ముఖ్యంగా హాంబుర్గ్ గురించి రాసేటప్పుడు, వర్తకం మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో ఆమె తీవ్రంగా చెబుతుంది. దాచిన కారణం వాక్యాల కింద నుంచి పైకి వస్తుంది. తన యాత్రకు డబ్బు ఎక్కడిది, తనను ఎవరు ఎందుకు పంపారు అన్న ప్రశ్న ఆ గద్యంలో ఎప్పుడూ మెదులుతూనే ఉంటుంది. క్రూయిజ్ కథనంలో ఆ ప్రశ్న మెదలదు. ఓడను నడిపే సిబ్బంది ఏ దేశాలవారో, రేవులో ఒక్క ఉదయాన దిగే వేలమంది వల్ల ఆ వీధుల్లో బతికేవారికి ఏం మిగులుతుందో చెప్పే యాత్రికుడు అరుదు. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ వ్యాపారాన్ని దాచినా దాని బరువు దాచలేకపోయింది. నేటి కథనం టికెట్టు ధర చెప్పి, అంతటితో వ్యాపారం అయిపోయిందనుకుంటుంది.

ప్రాచీనత అన్న మాటను ఈ కథనాలు వాడే తీరుకు గ్దాన్‌స్క్ పరీక్ష పెడుతుంది. మోత్లావా నది ఒడ్డున ఉన్న పెద్ద క్రేన్ 15వ శతాబ్దపు నిర్మాణం. మనుషులు పెద్ద చక్రాల లోపల నడుస్తూ వాటిని తిప్పేవారు. ఆ బలంతోనే ఓడలకు తెరచాప స్తంభాలు నిలబెట్టేవారు, బరువులు ఎత్తేవారు. కానీ నేడు కనిపించేది 1945లో ధ్వంసమైన తరువాత పునర్నిర్మించిన క్రేన్. చుట్టూ ఉన్న ‘పాత పట్టణం’ కూడా చాలా భాగం అంతే. ఆ పునర్నిర్మాణంలో 1793కు ముందరి రూపాన్ని ఆదర్శంగా తీసుకున్నారు. ప్రష్యా పాలన కాలపు పొరలను చాలావరకు పక్కన పెట్టారు. అలంకార ముఖభాగాల వెనుక సామాన్య కుటుంబాలకు నివాసాలు కట్టారు. అంటే అక్కడ యాత్రికుడు చూస్తున్నది మధ్యయుగాన్ని కాదు, మధ్యయుగం గురించి యుద్ధానంతర పోలండ్ చేసిన ఒక నిర్ణయాన్ని. దీన్ని నకలు అని ఎగతాళి చేయడం తేలిక, తప్పు కూడా. శిథిలాల మధ్య ఒక సమాజం తన గతంలో ఏ పేజీని తిరిగి రాసుకుంది అన్న ప్రశ్న అసలైన మధ్యయుగపు గోడకన్నా ఎక్కువ చెబుతుంది. డాన్‌ట్సిగ్ అన్న జర్మన్ పేరు, గ్దాన్‌స్క్ అన్న పోలిష్ పేరు రెండూ తెలిసినవారికే ఆ ప్రశ్న తడుతుంది.

తెలుగు యాత్రికుడి విషయంలో ఈ వెలితి మరింత స్పష్టం. కోపెన్‌హాగన్‌లో చాలా నౌకలు ఆగే లాంగెలినీ కట్ట పక్కనే చిన్న మత్స్యకన్య కంచు విగ్రహం ఉంటుంది. ఆండర్సన్ కథ ఆధారంగా 1913లో నెలకొల్పిన ఆ విగ్రహం దాదాపు ప్రతి కథనంలోనూ వస్తుంది, ‘ఇంత చిన్నదా’ అన్న ఆశ్చర్యంతో సహా. అదే రేవులో, నీటికి అవతలి వైపు క్రిస్టియన్స్‌హావెన్‌లో 18వ శతాబ్దపు ఆసియాటిక్ కంపెనీ భవనం, దాని గిడ్డంగి నేటికీ ఉన్నాయి. డెన్మార్క్ విదేశాంగ శాఖ వాటిని వాడుకుంటోంది. 1620 నుంచి 1845లో బ్రిటిష్ వారికి అమ్మేవరకు తరంగంబాడి డేనిష్ స్థావరం. 17వ శతాబ్దంలో డేన్లు మచిలీపట్నంలోనూ వర్తకం నడిపారు. ఆ గిడ్డంగి ముందు ఆగిన యాత్రికుడికి కోరమాండల్ నూలు బట్ట గుర్తుకు రావాలి. డెన్మార్క్ రాజు ప్రాపకంతో నడిచిన మతప్రచార సంస్థకు 1714 నుంచి కోపెన్‌హాగన్‌లోనే పాలక మండలి ఉండేది. ఆ సంస్థ తరఫున 1719లో తరంగంబాడి చేరిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో తెలుగు నేర్చాడు, తెలుగుకు వ్యాకరణం రాశాడు, ఐరోపా తిరిగి వెళ్లాక 1746–47లో జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు ముద్రణ చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన పేరిది. ఆ పేరుకూ ఈ రేవుకూ ఉన్న దారిని ఒక్క తెలుగు వాక్యం కలిపినా ఆ యాత్రాకథనం వేరే రచన అవుతుంది. డేనిష్ వర్తక కంపెనీల దస్తావేజులను యునెస్కో 1997లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. అవి ఓడ ఆగే కట్టకు ఎంతో దూరం కాని కోపెన్‌హాగన్‌లోని జాతీయ ప్రాచీన పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి.